ఎడమ గోడ

ఎనిమిదో నెంబరు. గోడకు తగిలించిన పద్నాలుగు చార్టుల్లో అది కిటికీ పక్కది, కింది మూల గాలికి లేస్తూ పడుతూ ఉంది, ఎవరైనా ఒక గుండుసూది గుచ్చితే బాగుండు, ఎవరూ గుచ్చడం లేదు. నేను మొదటి నెంబరు పిల్లవాడి మాట వినాలి. వాడు కిరణజన్య సంయోగక్రియను గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతున్నాడు, చేతులు రెండూ వెనక్కి కట్టుకొని, కళ్లు పైకప్పు మీద పెట్టి. నా ముందున్న కాగితంలో విషయానికి నాలుగు, బొమ్మకు మూడు, మాటతీరుకు మూడు అని గళ్లు కొట్టి ఉన్నాయి. పక్క కుర్చీలో గోపాలస్వామి, ఇక్కడి జూనియర్ కాలేజీలో బాటనీ చెప్పే మనిషి, అప్పుడే మూడు గళ్లూ నింపేశాడు. నేను పెన్ను మూత కూడా తీయలేదు. ఎనిమిదో నెంబరు గుండె బొమ్మ. మా రత్నమ్మ గుండె బొమ్మ. రత్నమ్మ నా భార్య, చనిపోయి మూడేళ్లయింది. ఈ ఊరు ఆమె ఎప్పుడూ చూడలేదు, పుంగనూరు దాటి ఇటువైపు ఆమెకు పనే పడలేదు. ఆమె బొమ్మ మాత్రం నాకంటే ముందు వచ్చి కుప్పం హైస్కూలు గోడకు వేలాడుతూ ఉంది.

చార్టు మీద బడి పేరు ఉండకూడదు, పిల్ల పేరు ఉండకూడదు, అయ్యవారి పేరు అసలే ఉండకూడదు, నెంబరు ఒక్కటే ఉండాలి, జడ్జీలు పక్షపాతం చూపకూడదని రూలు. రూలు పెట్టినవాళ్లకు ఏం తెలుసు. పొద్దున హాల్లోకి అడుగుపెట్టి వరసగా చూసుకుంటూ నడిచాను, ఆకు, కన్ను, మెదడు, మూత్రపిండం, అన్నీ టెక్స్టుబుక్కు బొమ్మలే, ఎనిమిదో దాని ముందు కాలు ఆగిపోయింది. ఎర్ర స్కెచ్‌పెన్ను గీతల కింద పెన్సిల్ చుక్కలు, రబ్బరుతో తుడిచినా పూర్తిగా పోలేదు. వంగి లెక్కపెట్టాను. పైన ఏడు, కింద ఆరు, ఐదు, నాలుగు. సందు చుక్కలు. ముగ్గుకు పెట్టినట్టు చుక్కలు పెట్టి గుండె గీసే మనిషిని నేను ఒక్కదాన్నే చూశాను, ఆమెతో ఇరవై ఆరేళ్లు ఒకే ఇంట్లో ఉన్నాను. ఇంకొకటి కూడా చూశాను. చూసి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను. గుండెకు కింద రెండు గదులు. కుడి గది రక్తాన్ని పక్కనే ఉన్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు. ఎడమ గది నడినెత్తి నుంచి అరికాలి దాకా తోయాలి. అందుకే ఎడమ గోడ లావు, కుడిదానికి రెండు మూడింతలు. ఏ పుస్తకం తీసినా అట్లే ఉంటుంది. ఎనిమిదో నెంబరులో రెండు గోడలూ ఒకే మందం. దారం పెట్టి కొలిచినట్టు సమానం. అది రత్నమ్మ తప్పు. గోపాలస్వామి మొక్కల మనిషి, బొమ్మ అందంగా ఉంటే మూడుకు మూడు వేసి తల ఊపుతాడు. నేను నోరు విప్పి అడిగితే ఎనిమిదో నెంబరు పిల్ల ఓడిపోతుంది. ఇక్కడ మొదటి స్థానం వచ్చిన పిల్ల చిత్తూరుకు పోతుంది, జిల్లా పోటీకి. నేను అడిగితే పోదు. పిల్లతోపాటు దాన్ని తయారు చేసిన అయ్యవారి పరువు కూడా పోతుంది. ఆ అయ్యవారి పేరు చార్టు మీద లేదు, నాకు అక్కరలేదు. వెనక బెంచీలో కూర్చొని ఉన్నాడు. ముద్దుకృష్ణ.

గేటు దగ్గరే ఎదురొచ్చాడు. "సార్, బాగుండారా? పుంగనూరు నుంచి పొద్దున్నే బయల్దేరినారా?" అని రెండు చేతులూ జోడించాడు. నలభై దగ్గర పడి ఉంటాయి, తల అప్పుడే నెరిసింది, ఆ నెరుపు చూసి నాకు సంతోషం కలిగింది, దాచుకోవడం ఎందుకు. చెప్పులో రాయి పడినవాడిలా కిందికి చూసి ముందుకు నడిచాను. వెనక నుంచి "సార్" అని ఇంకొకసారి అన్నాడు. అననీ. రెండో నెంబరు వచ్చింది, కన్ను గురించి, పాప భయంతో కన్ను ఎదురుగా పెట్టుకొని చెవి అంది, హాలంతా నవ్వింది, గోపాలస్వామి "పర్వాలేదమ్మా, సూసేది వినేది రెండూ నెత్తిలోనే ఉండాయి" అన్నాడు. నేను నవ్వలేదు. చెవి అన్నందుకు ఒక మార్కు కోశాను. తప్పు తప్పే.

నేను బొమ్మ గీయలేను. ముప్పై ఏళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నవాడు ఈ మాట పైకి అనకూడదు, వచ్చే జూన్‌లో రిటైరయ్యాక కూడా అనను. పెద్దపంజాణి పక్కన మా పల్లె బడిలో ఐదు తరగతులకు ఒక్కరే అయ్యవారు, చాక్‌పీసు ఆయన జేబులోనే ఉండేది, పలక మీద అక్షరం కాకుండా ఇంకేం కనబడినా ఆ పలకతోనే కొట్టేవాడు. నా చేయి అప్పుడే బిగుసుకుపోయింది. గుండె గీస్తే వంకాయ వచ్చేది. అందుకని అచ్చు చార్టు తగిలించి, బెత్తంతో చూపించి, "రాసుకోండి" అనేవాణ్ణి. నా నోట్సులో తప్పు ఉండదు. నా క్లాసులో చప్పుడు ఉండదు. పిల్లలు రాసుకునేవారు, వెనక బెంచీ నిద్రపోయేది. ఇంట్లో సాయంత్రం ట్యూషన్, పదో తరగతి పిల్లలు ఎనిమిది తొమ్మిది మంది, పుంగనూరులో మా ఇంటి ముందు వసారాలో చాప మీద. రత్నమ్మది తంబళ్లపల్లె వైపు. మదనపల్లెలో మేనత్త ఇంట్లో ఉండి పది పాసయింది, పై చదువు చదవాలనుకుంది, పెళ్లి చేశారు. నేను చెప్పేది వంటింట్లో నుంచి వింటూ ఉండేది. వింటున్నదని నాకు తెలియదు. తొంభై ఒకటో సంవత్సరం, పరీక్షలు నెలలోకి వచ్చాయి, యమున అని ఒక పిల్ల, షరాబు బజారులో బియ్యం అంగడివాళ్ల కూతురు, చాప మీద కూర్చొని ఏడుస్తూ ఉంది. నేను లోపలికి పోయి చొక్కా మార్చుకుంటున్నాను. బయట మాట వినబడింది.

"అక్కా, నాకు గుండె రాదు. పటం అయిదు మార్కులు. గుండె రాకుంటే నేను ఫెయిలే."

"ఏడ్సొద్దు. నీకు ముగ్గెయ్యను వస్తాదా?"

"ఓ, పదహైదు చుక్కలది కూడా వేస్తాను."

"అయితే గుండె యాల రాదు? చుక్కలు పెట్టుకో, ఏడు. దాని కింద సందులో ఆరు."

చొక్కా గుండీలు పెట్టుకోకుండానే కిటికీలోంచి చూశాను. నేలమీద చాక్‌పీసుతో చుక్కలు, చుక్కల మధ్య ఒక్క గీత, చేయి ఎత్తలేదు, ముంజేయి మొత్తం తిరిగింది, పై గదులు రెండు, కింది గదులు రెండు, పైకి లేచే పెద్ద రక్తనాళం వంపు తిరిగి మెడ దగ్గర కూర్చుంది. ఒక నిమిషం కాలేదు. నేను తగిలించే అచ్చు చార్టు దాని ముందు చచ్చిన గుండె. యమున కళ్లు తుడుచుకొని, "ఇంతేనా అక్కా?" అంది. ఇంతేనా. పదిహేడేళ్లు కష్టపడినా ఒక్క పిల్ల నాతో ఇంతేనా సార్ అని అనలేదు. అప్పుడే చూశాను, కింద రెండు గోడలు. సమానం. ముగ్గు కదా, ఒక పక్క లావు, ఒక పక్క సన్నం ఉంటే ముగ్గు ఎట్లా అవుతుంది, ఆమె చేతికి రెండు పక్కలూ ఒకటి కావాలి. గడపలోంచి ఒక మాట అంటే సరిపోయేది. ఎడమ గోడ లావుగా వెయ్యి. అంతే మాట. చొక్కా గుండీలు పెట్టుకొని బయటికి వచ్చి, "లేచి వరసలో కూర్చోండి" అన్నాను.

ఎందుకు చెప్పలేదు. ఈ ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో లెక్క లేదు, ప్రతిసారీ జవాబు తెలిసే అడిగాను. ఆమెకు తెలియనిది నా దగ్గర ఒకటి మిగలాలి. అది మిగిలింది, కాబట్టి దాన్ని పట్టుకొని బతికాను. ఆ తర్వాత వారంలోనే ఆమె బొమ్మ నేల దాటి పెరట్లోకి పోయింది. ముగ్గుపిండితో పెరడంత గుండె. బట్టలుతికే బండ ఊపిరితిత్తులు. ఇంటి చుట్టూ తిరిగే సందు ఒళ్లంతా. పిల్లలే రక్తం. నేను వసారాలో నోట్సు పట్టుకొని ఖాళీ చాప ముందు కూర్చునేవాణ్ణి, పెరట్లోంచి కేకలు.

"యమునా, నువ్వు చెడ్డ రక్తం. పైనుంచి రామ్మా."

"నేనే చెడ్డ రక్తం యాలక్కా? లోకేష్‌ని పెట్టు, వాడు స్నానం జేసి రెండు దినాలైంది."

"ఎవరైనా ఈడికి చెడ్డగానే రావాల. కుడి గదిలోకి దిగు. ఇప్పుడు బండ కాడికి పో. గాలి పీల్సుకో, బాగా. మంచిదానివైతివి గదా, ఎడమ గదిలోకి రా. ఇంక పరిగెత్తు, ఇల్లంతా సుట్టుకోని రావాల!"

ఆ పిల్ల ఇల్లంతా చుట్టుకొని, నా ముందు వసారాలోంచే పరిగెత్తుకుంటూ పోయేది, నన్ను చూసి కూడా ఆగేది కాదు, పరిగెత్తుతున్న రక్తానికి అయ్యవారితో ఏం పని. ఒకసారి రత్నమ్మ చేతుల పిండి దులుపుకుంటూ వచ్చి, "సారూ, మీరూ ఒక సుట్టు తిరగండి, పిల్లోళ్లు సంతోషపడతారు" అంది. పిల్లలు పిలిచినట్టు తనూ సారూ అనేది, ఎగతాళిగా మొదలై అదే నా పేరు అయిపోయింది. "నాకు పనుంది" అన్నాను. పనేమీ లేదు. మాకు పిల్లలు లేరు. పెరట్లో ఉన్నవాళ్లందరూ ఆమె పిల్లలు, వసారాలో ఉన్నది నేను.

నాలుగో నెంబరు అయిపోయింది, ఏం చెప్పిందో వినలేదు, గోపాలస్వామి కాగితంలోకి చూసి దానికొకటి అటూ ఇటూ వేశాను. స్టేషన్లో బెంగుళూరు బండి కూత వేసింది, పిల్లలందరూ ఒక్కసారి తలలు తిప్పారు, ముద్దుకృష్ణ తిప్పలేదు, ఎనిమిదో నెంబరు చార్టు వైపే చూస్తున్నాడు. చూడు. బాగా చూడు. తొంభై నాలుగులో మదనపల్లెలో వైజ్ఞానిక ప్రదర్శన జరిగింది, మా బడి నుంచి శ్వేత అనే పిల్లను తీసుకుపోయాను, గుండె మీద మాట్లాడింది, పెరట్లో పరిగెత్తిన పిల్ల కదా, కళ్లు మూసుకొని చెప్పగలదు. చార్టు నలగకుండా పట్టుకోవడానికని రత్నమ్మ కూడా వచ్చింది, దారంతా ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. మొదటి బహుమతి. గైడ్ టీచర్ గంగులప్ప అని మైకులో పిలిచారు. నేనే పోయాను. నా పేరే పిలిచారు కాబట్టి పోయాను. తిరిగొచ్చేటప్పుడు బస్సు నిండా టమోటా వాసన, ఎవరో మార్కెట్టుకు వేసి మిగిలిన గంపలు పైకెక్కించారు. రత్నమ్మ "ఆ కాయితం ఒకసారి ఇయ్యండి, సదువుకోని ఇస్తాను" అంది. సంచిలో అడుగున ఉందన్నాను. "బొమ్మ బాగుండాదని అన్నారా?" అని అడిగింది. "పిల్ల బాగా మాట్లాడింది, అందుకిచ్చారు" అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. పుంగనూరు వచ్చేదాకా తిరగలేదు. ఆ జడ్జీలు కూడా గోడలు చూడలేదు. పబ్లిక్ పరీక్షలో దిద్దేవాళ్లు కూడా చూడరు, పటం పొందిగ్గా ఉంటే అయిదుకు అయిదు వేసి పేజీ తిప్పేస్తారు. ఎవరో ఒకరు పట్టుకుంటారని ఏడాదికేడాది చూశాను. పట్టుకుంటే ఆమె పరిగెత్తుకుంటూ నా దగ్గరికే వస్తుంది కదా, ఇంకెక్కడికి పోతుంది.

ముద్దుకృష్ణ వచ్చింది తొంభై అయిదులో. పుంగనూరులో ఒక ప్రైవేటు బడికి బయాలజీ చెప్పడానికి వచ్చాడు, ఊరు మదనపల్లె, ఇరవై ఎనిమిదేళ్లు, నవ్వితే పళ్లన్నీ కనబడేవి. మా వీధిలోనే గది తీసుకున్నాడు. చుక్కల గుండె గురించి వాడి క్లాసు పిల్లలు చెప్పారట. "అక్కా, నాకూ నేర్పియ్యి, నేనూ నీ స్టూడెంటునే అనుకో" అని వంటింటి గడపలో కూర్చున్నాడు. డిగ్రీ చదివినవాడు, పది చదివిన ఆడమనిషి ముందు నేలమీద కూర్చొని చుక్కలు పెట్టాడు. ఆ పని నేను నాలుగేళ్లలో ఒక్కరోజు చేయలేదు. వాడు మొదటి రోజే చేశాడు. వాడు గీసింది చూసి ఆమె నవ్వింది, "ఇది గుండె గాదప్పా, గుమ్మడికాయ" అని, వాడూ నవ్వాడు, ఇద్దరి నవ్వూ ఇల్లు దాటి నాకు వీధిలోనే వినబడింది. నాతో ఆమె నవ్వదని కాదు. నవ్వేదేదీ నేను ఆమెకు చెప్పలేదు. శనివారం వాళ్ల బడి ఒంటిపూట, మాది రెండు పూటలు. శనివారం మధ్యాహ్నాలు వాడు మా ఇంట్లో ఉండేవాడు. పిల్లలు కూడా ఉండేవారు, అరడజను మంది, ఆ సంగతి నాకు తెలుసు, తెలిసినందువల్ల మంట తగ్గలేదు. ఆమె పటాలన్నీ ఒక పొడుగు నోటుబుక్కులోకి ఎక్కించింది, అట్టకు సిమెంటు సంచి కాగితం వేసింది, గుండె, మెదడు, మూత్రపిండం, మందారపువ్వు, ఒక్కొక్కదానికి ఎన్ని చుక్కలో పక్కన రాసి. వాడు బియ్యంలో పురుగులు ఏరినట్టు ఒక్కొక్కటే చూసేవాడు. ఒక శనివారం తలనొప్పి అని చెప్పి మధ్యాహ్నం మొదటి పీరియడుకే బయటపడ్డాను. తలనొప్పి లేదు. చెప్పులు వీధిలోనే చేతికి తీసుకున్నాను. ఎంత సిగ్గుమాలిన పని, నా ఇంట్లోకి నేనే దొంగలాగా. వంటింట్లో పిల్లలు ఒక పక్క నెఫ్రాన్ గీసుకుంటున్నారు, వాళ్లిద్దరూ నోటుబుక్కు మీదికి వంగి ఉన్నారు. గుండె పేజీ. వాడి వేలు బొమ్మ మీద ఉంది. ఆమె చెంపకు చేయి పెట్టుకొని ఏదో మెల్లగా అంటోంది. నేను గడపలో నిలబడగానే మాట ఆగిపోయింది. ఆమె పుస్తకం మూసింది. వాడు "వస్తాను సార్" అని లేచాడు.

నాకు తప్పేమీ కనబడలేదు. కనబడి ఉంటే బాగుండేది. తప్పు దొరికితే మనిషికి ఒక దారి దొరుకుతుంది. ఆ ఆగిపోయిన మాట దొరికింది నాకు, తొమ్మిదేళ్లుగా దాన్నే నములుతున్నాను, ఏమై ఉంటుంది, నా గురించా, నా గురించి కాకపోతే నన్ను చూసి ఆపడం ఎందుకు. ఆ రోజు సాయంత్రం ఆమె నా దగ్గరికి నోటుబుక్కు తెచ్చింది. గుండె పేజీయే తెరిచింది. "సారూ, ఈ పటం ఒకసారి బాగా సూడండి. తప్పేమన్నా ఉండాదా?" నాలుగేళ్లలో ఎప్పుడూ అడగని మనిషి. మధ్యాహ్నం జరిగినదాన్ని కప్పడానికి అడుగుతోందనుకున్నాను. చూశాను. రెండు గోడల మీదా చూపు ఆనించి చాలాసేపు చూశాను. ఆమె నా మొహమే చూస్తోంది. "బాగానే ఉంది" అన్నాను. "బాగుండాదా?" "ఉంది." పుస్తకం తీసుకొని పోయింది. ఆ తర్వాత రెండేళ్లకు, వాడికి కుప్పంలో గవర్నమెంటు బడిలో ఉద్యోగం వచ్చి పోయిన వారం, మళ్లీ అడిగింది, అదే పేజీ, అదే మాట. వాడు పోయాడని బొమ్మ చూసుకుంటోంది అనుకున్నాను. "ఎన్నిసార్లు చూడాలి?" అన్నాను. మూడోసారి వేలూరు ఆసుపత్రిలో. కడుపులో గడ్డ, మనిషి చాపలాగా అయిపోయింది, మాట రావడమే కష్టం. "ఆ గుండె పటంలో ఏమన్నా తప్పుంటే సెప్పండి సారూ. ఇప్పుడన్నా సెప్పండి." మందు మత్తులో మాట్లాడుతోందని, "పడుకో" అన్నాను. దుప్పటి సరిచేశాను. అది మాత్రం సరిచేశాను.

కర్మలు అయ్యాక నోటుబుక్కు కోసం ఇల్లంతా వెతికాను. అటక, బియ్యం డబ్బాలు, ఆమె చీరల మడతలు. లేదు. ఎక్కడికి పోయి ఉంటుందో వెతకకముందే నాకు తెలుసు, అయినా వెతికాను, లేదని తేలేదాకా వెతికాను. ఆసుపత్రికి పోయే ముందు వాడు వచ్చి చూసిపోయాడని పక్కింటి మునెమ్మ చెప్పింది. నగలు ఇచ్చి ఉంటే ఇంత మండేది కాదు. మూడేళ్లుగా కుప్పం పేరు బస్సు బోర్డు మీద చూసినా మొహం తిప్పుకున్నాను. ఈ జడ్జి పని వేయమని నేనెవరినీ అడగలేదు, ఆర్డరు దానంతట అది వచ్చింది, పలమనేరు మీదుగా బస్సులో వస్తున్నంతసేపూ ఎందుకు వస్తున్నానో నాకు తెలియదు అనుకున్నాను. ఇప్పుడు తెలిసింది. ఆరో నెంబరు. నా ప్రశ్న తయారుగా ఉంది, నున్నగా అరగదీసి పెట్టుకున్నాను. రెండు జఠరికల గోడలు ఒకే మందం ఎందుకు గీశావు? ఎవరు చెప్పారు నీకు? పిల్ల వెనక్కి తిరిగి వాడి వైపు చూడాలి. హాలంతా వాడి వైపు చూడాలి. వాడికి అప్పుడు తెలియాలి, ఆమె వాడికి ఇచ్చింది తప్పుల పుస్తకమని, ఆ తప్పు ఎక్కడుందో ఆమె మొగుడికి పదమూడేళ్లుగా తెలుసని. ఏడో నెంబరు, మందారపువ్వు, నిజం పువ్వే తెచ్చాడు, చేతిలో వాడిపోయింది. "పువ్వు కంటే పిల్లోడే ఎక్కువ వాడిపోయినాడు" అని గోపాలస్వామి నా చెవిలో అన్నాడు. "ఏంది గంగులప్ప సార్, సెమట పట్టేసింది మీకు, ఫ్యాను ఇటు తిప్పమంటారా?" వద్దన్నాను.

ఎనిమిదో నెంబరు. పరికిణీ, రెండు జడలు, ఎర్ర రిబ్బన్లు. చార్టు కింది మూల లేస్తుంటే ముందు దాన్ని అరచేత్తో అదిమి, తన జాకెట్టుకున్న పిన్నీసు తీసి గుచ్చింది. అప్పుడు మా వైపు తిరిగింది. పేరు చెప్పకూడదని మరిచిపోయి "నా పేరు శాలిని సార్" అంది, నాలుక కరుచుకుంది. గుండె గురించి మొదలుపెట్టింది. చేతులు కట్టుకోలేదు. ఒక్కొక్క గదిలోకీ వేలితో దిగింది. కుడి గదిలోకి వచ్చిన రక్తం ఇక్కడ నుంచి, అంటూ చేయి కిటికీ వైపు చాచింది, బండ కాడికి పోతాది అంటుందేమో అనుకున్నాను, ఊపిరితిత్తులు అంది. ఆరు నిమిషాలయ్యాక గంట కొడతారు, గంట కొట్టాకే జడ్జీలు అడగాలి. నేను ఆగలేకపోయాను.

"ఆ కింది గోడలు రెండూ ఒకే మందం ఎందుకు గీశావు?"

గోపాలస్వామి నా మోచేయి పట్టుకున్నాడు. "గంట కాలేదు సార్." వెనక బెంచీలో ముద్దుకృష్ణ సగం లేచాడు. శాలిని వెనక్కి తిరగలేదు. నవ్వింది.

"అదే సెప్పబోతా ఉండాను సార్. దీంట్లో ఒక తప్పుండాది. మీరు పట్టుకున్నారు." పరికిణీ జేబులోంచి ఎర్ర స్కెచ్‌పెన్ను తీసి మూత పళ్లతో లాగింది. ఎడమ గోడ మీద అడ్డంగా గీతలు, ఒకటి, ఇంకొకటి, రెండింతలు, మూడింతలు, లావుగా. "కుడి గది పక్కింటి దాకా పోతే సాలు సార్. ఎడమ గది ఇల్లంతా సుట్టుకోని రావాల. అందుకే దీని గోడ లావు."

"మరి ముందే ఎందుకు దిద్దలేదు?"

"ఈ పటం మా సార్‌ది గాదు సార్. పుంగనూరులో రత్నమ్మక్క అని ఒకామె ఉన్నింది, టీచరు గాదు, పిల్లోళ్లకి చుక్కలు పెట్టి పటాలు నేర్పిస్తా ఉన్నింది. మా సార్ ఆమె కాడే నేర్సుకున్నాడు. ఒకరోజు మా సార్ పుస్తకంలో ఈ గోడ మింద ఏలు పెట్టి, తప్పక్కా ఇది అని సూపిస్తే, ఆమె అవునప్పా, ఇల్లంతా తిరిగే గదికి ఇంత సన్న గోడ సాలదు అనిందంట. ఆ పొద్దు నుంచి పిల్లోళ్లకు నోటితో సెప్తా ఉన్నిందంట, పరీక్షలో ఎడమ పక్క లావుగా ఏసుకోండి అని. పుస్తకంలో మాత్రం దిద్దలేదంట."

"ఎందుకు?" గొంతు నాదే. బయటినుంచి వచ్చినట్టు ఉంది.

"వాళ్లింట్లో సారు కూడా ఇదే సబ్జెక్టంట సార్. మా ఇంట్లో సారుకు తెలీకుండా ఉండదు, ఆయన నోటితో ఆయన సెప్పినపుడు దిద్దుతాను, అంతదాకా ఇట్లే ఉండనీ అనిందంట. ఆయన సెప్పేలోపల ఆమె సచ్చిపోయింది. అందుకని మా సార్ ప్రతి ఏడూ మాకు ఈ పటం ఇట్లే ఇస్తాడు. తప్పు మీరే కనుక్కోండి, కనుక్కున్నాక దాసిపెట్టుకోవద్దండి, అప్పుడే సెప్పేయండి అంటాడు."

గంట కొట్టారు. చప్పట్లు. ముద్దుకృష్ణ కూర్చోలేదు, నిలబడే నన్ను చూస్తున్నాడు, ఈ పిల్ల రత్నమ్మ పేరుతో సహా చెప్పేస్తుందని వాడు అనుకొని ఉండడు, జడ్జీ ఎవరో పిల్లకు తెలియదు, హాల్లో ఇంకెవరికీ తెలియదు, వాడికీ నాకూ తప్ప. ఆగిపోయిన మాట ఇదా. నేను గడపలో చెప్పులు పట్టుకొని నిలబడితే ఆగిపోయింది ఇదా. పరీక్షలో లావుగా ఏసుకోండి అని. అంటే ఆ శనివారం వంటింట్లో ఉన్న పిల్లలకు తెలుసు, వాళ్ల తర్వాత వచ్చినవాళ్లందరికీ తెలుసు, పెరట్లో పరిగెత్తిన రక్తమంతటికీ తెలుసు, వసారాలో కూర్చున్నవాడు ఇంకా దాస్తూనే ఉన్నాడు. మూడుసార్లు అడిగింది. ఇప్పుడన్నా సెప్పండి అంది. మత్తు కాదు. నేను దుప్పటి సరిచేశాను. ఎదురుచూస్తున్నానని ఆమె ఒక మనిషికి చెప్పుకుంది, ఆ మనిషి నేను కాదు, వీడు. అది కూడా వీడికే చెప్పింది. నాకు చెబితే ఏం పోయేది. చెప్పింది, మూడుసార్లు. వీడు నల్ల చొక్కా, నెరిసిన తల, నిలబడే ఉన్నాడు, వీడి మొహంలో గెలుపు కోసం చూశాను, ఉంటే బాగుండేది, కనబడలేదు. మళ్లీ దొరకలేదు నాకు.

గోడ మీద ఎర్ర సిరా ఇంకా ఆరలేదు, కిందికి ఒక బొట్టు జారి ఆగింది. గోపాలస్వామి కాగితం నా వైపు తోశాడు. "పదికి పది ఏసేసినా నేను. ఏం మాట్లాడింది సార్ ఆ బిడ్డ! మీరు?"

పెన్ను మూత తీశాను. విషయానికి నాలుగు. మాటతీరుకు మూడు. బొమ్మకు రెండు.

"ఒకటి యాల కోసినారు? దిద్దింది గదా?"

"ముందే దిద్దాల్సింది" అన్నాను. "తొమ్మిదో నెంబరును పిలవండి."